మా బావ మాట్లాడని ఎనిమిది రోజులు

అతన్ని నేను బావా అని పిలిచేవాణ్ణి, అతను నన్ను బావా అనేవాడు. మా మధ్య చుట్టరికం లేదు. చుట్టరికం కలిసే కులాలు కూడా కావు. మాది కాశీబుగ్గ నుంచి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఉద్దానం పల్లె. జీడితోట, కొబ్బరిచెట్లు, కాస్త వరిపొలం ఉన్న రైతు కుటుంబం. అతనిది సంతబొమ్మాళి మండలంలో ఒడ్డునే ఉన్న చేపలు పట్టేవాళ్ల ఊరు. టెక్కలిలో బస్సు మారితే మా ఊరి నుంచి వాళ్ల ఊరికి మూడు గంటల ప్రయాణం. సొంత జిల్లాలో ఎప్పుడూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. సూడాన్ దేశం దక్షిణాన, నైలు నది ఒడ్డున, ఒక రేకుల షెడ్డు ముందు కలిశాం.

రెండు వేల ఐదు దాటిన కాలం అది. ఏళ్ల తరబడి సాగిన యుద్ధం ఆగి అక్కడ ఒప్పందం కుదిరింది. దాన్ని కాపాడడానికి చాలా దేశాల సైన్యాలు నీలం టోపీలు పెట్టుకుని వెళ్లాయి. మనవాళ్లూ వెళ్లారు. తుపాకులు పట్టుకుని కాపలా తిరిగేవాళ్లతో పాటు, వాళ్లకి తిండీ నీళ్లూ డీజిలూ అందించే సప్లై వాళ్లం మేము కొంతమందిమి వెళ్లాం. నేను స్టోరు చూసే హవల్దార్ని. అతను నాయక్, లారీ డ్రైవరు.

మొదటి వారంలో ఒకరోజు షెడ్డు ముందు పప్పు బస్తాలు దింపిస్తున్నాను. నాకు లెక్క మన భాషలో పెడితే తప్ప కుదరదు. పైకే అంటున్నాను. లారీ దిగి నా వెనక నిలబడిన డ్రైవరు నేను ఇరవై దాటేదాకా ఆగి, "మనదేవూరు బావా?" అన్నాడు. ఆ యాస విని నాకు లెక్క తప్పిపోయింది. బస్తాలన్నీ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకున్నాం, ఇద్దరం కలిసి.

మా పని గురించి ఎవరూ కథలుగా చెప్పుకోరు. పొద్దున్నే చల్లపెట్టెల కంటైనర్ల తలుపు తెరిచి లోపలి చలి ఎంత ఉందో రాసుకోవాలి. గడ్డకట్టిన కోళ్లు, ఆపిల్ పళ్లు, పాలపొడి, గోధుమపిండి, బియ్యం, అన్నిటి మీదా తేదీలు చూడాలి. ఎన్ని తలలు ఉన్నాయో అంత తూకం వేసి, ఒక్కో క్యాంపుకి ఒక్కో కుప్ప కట్టాలి. రాశన్ చాలావరకు నది మీద పెద్ద ఇనప పడవల్లో వచ్చేది. దాన్ని రేవు నుంచి తేవడం మా బావ పని. వాన పడితే అక్కడి నల్లమట్టి లారీ చక్రాలకి దిట్టంగా పట్టుకునేది. ఒకసారి నేనూ వెంట వెళ్లిన రోజున దారిలో దిగబడిపోయాం. ట్రాక్టరు వచ్చేదాకా మధ్యాహ్నమంతా లారీ కింద నీడలో పడుకుని కబుర్లు చెప్పుకున్నాం. తండ్రి కిడ్నీలు పాడై చనిపోయాడని, అక్కకి పక్క ఊళ్లోనే పెళ్లయిందని, గడ్డి ఇంటి స్థానంలో అమ్మకి శ్లాబు ఇల్లు వేశాకే తన పెళ్లి అని చెప్పాడు. అప్పటికతనికి ఇరవై ఆరు.

నది అంటే అతనికి ప్రాణం. నది నిండా గుర్రపుడెక్క కొట్టుకొస్తుంటే మా ఊరి చెరువులు గుర్తొచ్చి నాకు చిరాకేసేది. అతను మాత్రం అందులోంచి పడవలు ఎలా నడుపుతున్నారో గంటసేపైనా చూస్తూ నిలబడేవాడు. రేవులో ఆ దేశపు జాలరి ఒకాయనతో స్నేహం చేశాడు. ఒకరి భాష ఒకరికి రాదు. వల ముడులు ఒకరికొకరు చూపించుకునేవారు. ఆ జాలర్లు కూడా చేపల్ని చీరి కర్రల మీద ఆరబెట్టేవారు. గాలి ఇటు తిరిగితే ఆ వాసన మా క్యాంపుదాకా వచ్చేది. పంజాబీ వంటవాడు ముక్కు మూసుకుంటే మా బావ గట్టిగా గాలి పీల్చి, "ఊరెళ్లొచ్చినట్టుంది" అనేవాడు. మాకు రాశన్‌లో చేప డబ్బాల్లో వచ్చేది. ఒకసారి తిని, కొబ్బరిపీచు నమిలినట్టుందని పక్కన పెట్టేశాడు.

మా ఇద్దరికీ ఒకటే గది. రేకుల గోడలు, రెండు మంచాలు, రెండు దోమతెరలు. వారానికో రోజు అందర్నీ వరసలో నిలబెట్టి మలేరియా మాత్ర మింగించేవారు. అది మింగిన రోజు అతనికి తల తిరిగేది. నేను నిమ్మకాయ కోసి ఉప్పు రాసి ఇచ్చేవాణ్ణి. నాకు జ్వరం వచ్చిన రెండు రోజులు అతనే గంజి కాచి తెచ్చి తాగించాడు. గంజిలో ఉల్లిపాయ నంజుకోవాలని పంజాబీ వంటవాడికి నేర్పింది కూడా అతనే.

ఆరు నెలలు గడిచాక మా నాన్న తోటలో పడి తుంటి విరగ్గొట్టుకున్నాడని కబురొచ్చింది. నాకు సెలవిచ్చారు. బయల్దేరే ముందు అతను అడిగింది ఒక్కటే. వీలైతే ఒకసారి వాళ్లమ్మని చూసి రమ్మన్నాడు. ఫోనులో ఎంత చెప్పినా నమ్మడం లేదు, కళ్లతో చూసినవాళ్లు చెప్తే నమ్ముతుందన్నాడు.

నాన్నకి ఆపరేషను అయ్యాక, తిరుగు ప్రయాణానికి ముందురోజు వెళ్లాను. సంతబొమ్మాళి దాకా బస్సు, అక్కణ్నుంచి ఆటో, చివర్లో సరుగుడు తోటల మధ్య ఇసకలో నడక. ఆమె సన్నగా, పొట్టిగా, ఎండకి మాడిపోయి ఉంది. కొడుకు బాగున్నాడని నేను చెప్తుంటే నా మాటలు వినకుండా నా చేతుల వైపు, బూట్ల వైపు చూసింది. తన కొడుకూ ఇలాగే ఉండి ఉంటాడని పోల్చుకుంటున్నట్టుంది. నేను బయల్దేరేటప్పుడు ఒక మూట తెచ్చి నా చేతిలో పెట్టింది. తాటాకు బుట్టలో ఎండు నెత్తళ్ల చేపలు పోసి, పాత చీర ముక్క చుట్టి, వల అల్లే సూదితో నీలం నైలాను దారం వేసి చుట్టూ కుట్టేసింది.

"ఎండ బాగా కాసిన రోజు సూసి ఆరబెట్టినాను బాబూ. ఇసక రేణువు లేదు. కడగక్కర్లేదని ఆడికి సెప్పు."

తీసుకున్నాను. మా ఇంటికి తెస్తే మా అమ్మ దాన్ని గడప లోపలికి తేనివ్వలేదు. పశువులశాల బయట మేకుకి తగిలించింది. అది నాకు తప్పుగా తోచలేదు.

మర్నాడు పలాసలో రైలెక్కి విశాఖలో దిగి, అక్కడ ఢిల్లీ బండి ఎక్కాను. ఏసీ పెట్టె. మూటని ఒకదాని మీద ఒకటిగా మూడు పాలిథీన్ సంచుల్లో చుట్టి సీటు కింద పెట్టాను. అయినా మూసేసిన పెట్టెలో వాసన ఆగుతుందా. ఎదురు సీట్లలో ఒక కుటుంబం ఉంది. ఆవిడ సాయంత్రం నుంచీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. మర్నాడు పొద్దున్నే ఆయన అటెండెంటుని పిలిచి సీట్ల కింద చూడమన్నాడు. అటెండెంటు వంగి చూసి, మూట బయటికి లాగి, ఇది ఎవరిదని హిందీలో అడిగాడు. ఎదుటి ఆయన నా వైపు చూశాడు. నేను పేపరు చదువుతున్నాను. అటెండెంటు మళ్లీ అడిగాడు. నాది కాదన్నాను.

బల్లార్షాలో బండి ఆగినప్పుడు అతను దాన్ని పట్టుకెళ్లి ప్లాట్‌ఫారం మీద చెత్తడబ్బా పక్కన పెట్టాడు. కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. సంచులు జారిపోయి నీలం కుట్లు బయటపడ్డాయి. బండి కదిలింది. ఆ క్షణంలో నాకేమనిపించిందో దాచకుండా రాయాలి. బాధ కాదు. అమ్మయ్య అనిపించింది. ఆవిడ ముక్కు మీది కొంగు తీసేసి మా అందరికీ బిస్కట్లు పంచింది. నేనూ తీసుకున్నాను.

క్యాంపులో దిగగానే బావ ముందు మా నాన్న ఎలా ఉన్నాడని అడిగాడు. కట్టు ఎక్కడిదాకా వేశారు, మంచం దిగుతున్నాడా, అన్నీ అడిగాడు. ఆ తర్వాతే వాళ్లమ్మ ఏమైనా పంపిందా అన్నాడు. నెత్తళ్లు పంపింది, ఢిల్లీలో విమానం ఎక్కేటప్పుడు తీసేసుకున్నారన్నాను. అతను నన్నే ఓదార్చాడు.

"పోన్లే బావా. ఆళ్లకేటి తెలుసు."

తర్వాత నెలన్నర బాగానే గడిచింది. ఒకరోజు మధ్యాహ్నం వంటశాలలో టీ తాగుతూ ఏడెనిమిదిమందిమి కూర్చున్నాం. పంజాబీ వంటవాడికి ఎవరో ఇంటి నుంచి మామిడి ఊరగాయ తెచ్చిచ్చారు. దారిలో నూనె కారి తెచ్చినవాడి యూనిఫారాలన్నీ పసుపయ్యాయి. అందరూ నవ్వుతున్నారు. ఇంటి నుంచి మోసుకొచ్చిన వస్తువుల గురించి ఒక్కొక్కడూ ఒక్కో కథ చెప్తున్నాడు. కథ చెప్పడం నాకూ బాగానే వచ్చు. నా వంతు వచ్చింది. రైలు కథ ఎత్తుకున్నాను. ఆవిడ కొంగు ఎలా పట్టుకుందో చేసి చూపించాను. అటెండెంటు మూటని రెండు వేళ్లతో ఎలా ఎత్తాడో చూపించాను. నేను పేపరు తలకిందులుగా పట్టుకున్నానని, లేనిది కూడా కలిపాను. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు ఉత్సాహం వచ్చేసింది. అప్పుడు వంటవాడి చూపు నా భుజం మీదుగా గుమ్మం వైపు వెళ్లింది.

బావ అక్కడ నిలబడి ఉన్నాడు. చేతిలో సాయంత్రం పంపాల్సిన రాశన్ చీటీ ఉంది. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. హిందీ అతనికి నాకంటే బాగా వచ్చు. వచ్చి, చీటీని నా ముందు బల్ల మీద పెట్టాడు.

"మాయమ్మ కుట్టింది గదా బావా అది."

అంతే అన్నాడు. కోపంగా కూడా అనలేదు. బయటికి వెళ్లిపోయాడు. ఆ మాట అక్కడ ఇంకెవరికీ అర్థం కాలేదు. ఏమన్నాడని ఒకడు అడిగితే, లారీకి డీజిలు కావాలంటున్నాడని చెప్పాను.

వెంటనే లేచి వెనకాలే వెళ్లాల్సింది. గ్లాసులో సగం టీ ఉంది. అది పూర్తి చేశాను.

ఆ రోజు నుంచి అతను నాతో మాట్లాడలేదు. అదే గదిలో పడుకుంటాడు, అదే లారీ తెస్తాడు, అదే చీటీ మీద సంతకం పెడతాడు. చీటీ బల్ల మీద పెట్టి, నేను తూకం వేసేదాకా బయట లారీ పక్కన నిలబడతాడు. అతను రెచ్చిపోయి నాలుగు తిట్టి ఉంటే నేను క్షమించమనేవాణ్ణి. తిట్టలేదు గనక నాకే కోపం వచ్చింది. ఒక చేపల మూటకి ఇంత పట్టింపా అనుకున్నాను. హోదాలో నాకంటే చిన్నవాడు, వయసులోనూ చిన్నవాడు, తనే వచ్చి మాట్లాడాలనుకున్నాను. మనసు అడుగున ఇంకొకటి కూడా ఉంది. వాళ్ల ఊరు మా ఊరు కాదు, వాళ్ల ఇల్లు మా ఇల్లు కాదు అన్నది. నీలం టోపీ పెట్టుకుని సముద్రాలు దాటి వెళ్లినా అది నన్ను వదల్లేదు.

అయిదో రోజు ఆదివారం. ఫోను కోసం వరసలో నిలబడ్డాం. అతను నాకంటే ఇద్దరు ముందున్నాడు. వాళ్ల ఊరి మొదట్లో కిరాణా కొట్టులో ఫోను ఉంది. ఆదివారం ఆ వేళకి వాళ్లమ్మ వచ్చి అక్కడ కూర్చునేది. మామూలుగా అయితే ఆమెతో నన్నూ ఒక మాట మాట్లాడించేవాడు. ఆ రోజు పిలవడని తెలుసు. వరస వదిలేసి గదికి వెళ్లిపోయాను.

ఆరో రోజు మధ్యాహ్నం నేను గదిలోకి వెళ్లేసరికి అతను రెండు కంబళ్లు కప్పుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బయట ఎండ రేకుల్ని కాలుస్తోంది. ఆ వేడిలో కంబళి ఎందుకని ఎవరికైనా తోచాలి. నా మొహం చూడ్డం ఇష్టంలేక ముసుగు పెట్టుకున్నాడనుకున్నాను. నా టవలు తీసుకుని బయటికి వచ్చేశాను.

ఏడో రోజు రేవుకి వెళ్లి రాశన్ తెచ్చాడు. సంతకం వంకరగా పడింది. చూశాను. తిండి వద్దన్నాడని వంటవాడు నాతో అన్నాడు. అలిగాడేమోనన్నాను. వంటవాడు నా వైపు ఒక రకంగా చూసి, నీ ఊరివాడు కదా, నువ్వే అడగరాదా అన్నాడు. సరేనన్నాను. అడగలేదు.

ఎనిమిదో రోజు పొద్దున లారీ ఎక్కబోయి మెట్టు మీంచి కింద పడ్డాడు. మోసుకుని మా దళం ఆసుపత్రికి తీసుకెళ్లారు. నేను కంటైనరు లోపల ఉన్నాను. కాసేపటికి ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చి, డాక్టరుగారు నన్ను రమ్మంటున్నారన్నాడు. ఎందుకంటే, అతను ఏదేదో మాట్లాడుతున్నాడట, ఆ భాష ఎవరికీ తెలియడం లేదట.

వెళ్లాను. మొహం ఎర్రగా ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి. మలేరియా తలకెక్కిందని డాక్టరు చెప్పారు. మాత్ర మింగినవాళ్లలో కూడా ఒక్కోసారి ఇలా వస్తుందన్నారు. ఎక్కడ నొప్పి అంటున్నాడో, ఏమడుగుతున్నాడో విని చెప్పమన్నారు. మంచం పక్కన వంగి నిలబడ్డాను. ఎనిమిది రోజుల తర్వాత అతని గొంతు వింటున్నాను. నాతో కాదు. వల బరువెక్కిందంటున్నాడు. ఎవర్నో తాడు వదలొద్దంటున్నాడు. అక్క పేరు రెండుసార్లు పిలిచాడు. "నీళ్లట్రా అమ్మా" అన్నాడు. ఒక్కో మాటా నేను హిందీలో చెప్తుంటే డాక్టరు వింటున్నారు. నీళ్లు అడుగుతున్నాడు సాబ్. తాడు పట్టుకోమంటున్నాడు సాబ్. వాళ్లమ్మని పిలుస్తున్నాడు సాబ్. చెయ్యి పట్టుకుని బావా అన్నాను. చెయ్యి కాలిపోతోంది. అన్ని మాటల్లోనూ ఎక్కడో ఒకచోట బావా అంటాడేమో అని గంటసేపు ఎదురుచూశాను. అనలేదు.

మధ్యాహ్నం హెలికాప్టరులో రాజధానికి తీసుకెళ్లారు. స్ట్రెచరు మోసిన నలుగురిలో నేనొకణ్ణి. రెక్కల గాలికి కంబళి ఎగిరిపోతుంటే దాన్ని అతని భుజాల కింద దోపి వెనక్కి వచ్చాను. మర్నాడు నేను గోధుమపిండి తూకం వేయిస్తుండగా సుబేదారుగారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. పని ఆపెయ్యమన్నారు. ఆపలేదు. ఆ కుప్పలు సాయంత్రానికి వెళ్లాలి.

రాశన్ పంచడానికి ప్రతి విభాగం నుంచి ఎంతమంది తింటారో చెప్పే కాగితం వస్తుంది. ఆ వారం మా సొంత విభాగం కాగితంలో ఒక తల తగ్గింది. దాని ప్రకారం బియ్యం, పప్పు, పంచదార అన్నీ కొంచెం కొంచెం తగ్గించి తూయాలి. తూయడం నా పని. నేను తూకం పలక మీంచి పిడికెడు బియ్యం వెనక్కి తీస్తుంటే పంజాబీ వంటవాడు ఏడుస్తూ అవతలికి వెళ్లిపోయాడు. బావ పెట్టె సర్దింది కూడా నేనే. బట్టలు, సబ్బు, ఫోటో, రేవులో జాలరి ఇచ్చిన చెక్క సూది. ఆ జాలరి నాలుగు రోజుల తర్వాత గేటు దగ్గరికి వచ్చి లారీ తిప్పుతున్నట్టు చేతులతో చూపించి అడిగాడు. ఎలా చెప్పాలో తెలియక ఆకాశం వైపు చూపించాను. అతను నేల మీద కూర్చుండిపోయాడు.

శవపేటిక వెంట ఊరికి వెళ్లడానికి నాకు అనుమతి రాలేదు. అప్పటికే సెలవు వాడుకున్నాను. వేరే అతన్ని పంపారు. నేను ఊరు చేరేసరికి నాలుగు నెలలైంది.

ఈసారీ ఆ ఇసకలో నడిచి వాళ్లింటికి వెళ్లాను. ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన శ్లాబు ఇంటికి పునాది రాళ్లు వేసి ఆపేసినట్టున్నారు. నన్ను చూసి లేచి, చాప వేసి, మంచినీళ్లు ఇచ్చింది. ఏడవలేదు. ఏడుపు అయిపోయినట్టుంది. తనే మొదలుపెట్టింది. నేను చేపలు తీసుకెళ్లిన వారమే ఫోనులో అడిగిందట, అందాయా అని. అందాయన్నాడట. నేనే పులుసు పెట్టానని, ఇద్దరం కలిసి తిన్నామని, మెతుకు మిగల్లేదని చెప్పాడట. నేను తల వంచుకుని విన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. ఆఖరి ఆదివారం ఆమె మళ్లీ చేపలు పంపుతానందట. నేను వరస వదిలేసి వెళ్లిపోయిన ఆదివారం అది.

"వద్దమ్మా అన్నాడు బాబూ. బావ అంత దూరం మోసుకొచ్చినాడు, ఊరికూరికే ఆణ్ని ఇబ్బంది పెట్టకూడదన్నాడు. గొంతు నీరసంగా ఉందేట్రా అంటే, నిద్దర్లేదమ్మా అన్నాడు."

ఏమీ చెప్పకుండా లేచి వచ్చేశాను. టెక్కలిలో బస్సు దిగి, కాశీబుగ్గ బస్సు కోసం నిలబడి, రెండు బస్సులు వదిలేశాను. అతనికి అన్నీ తెలుసు. తెలిసి కూడా, నాతో మాట్లాడకుండా ఉన్న రోజుల్లోనే, ఆమె దగ్గర నా పరువు కాపాడాడు. బహుశా నా పరువు కోసం కాకపోవచ్చు. ఆమె వేసిన కుట్లు ప్లాట్‌ఫారం మీద పడి ఉన్నాయని ఆమెకి తెలియకూడదనుకున్నాడేమో. ఏదైతేనేం.

సెలవు అయిపోయే ముందు మళ్లీ వెళ్లాను. ఆమె ఒడ్డున చేపలు ఏరుతోంది. ఎదురుగా ఇసకలో కూర్చుని మొత్తం చెప్పాను. రైలు, పేపరు, వంటశాల, నవ్వులు, ఎనిమిది రోజులు, రెండు కంబళ్లు. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తగ్గించలేదు. చేతిలోని చేప బుట్టలో వేయకుండా అలాగే పట్టుకుని విన్నది. అంతా విన్నాక అడిగింది.

"ఎన్ని దినాలు మాటాడలేదన్నావు?"

"ఎనిమిది."

"సిన్నప్పుడూ అంతే. నాతోనూ అలిగీవోడు. ఓపాలి పది దినాలు మాటాడలేదు." ఆ చేపని బుట్టలో వేసింది. "పదకొండో దినం ఆడే వచ్చి ఒళ్లో తలెట్టుకున్నాడు. నీ దగ్గరికీ వచ్చీసును బాబూ. ఇంకో రెండు దినాలుంటే వచ్చీసును."

తిట్టి ఉంటే మోయగలిగేవాణ్ణి. ఆ మాట మోయలేకపోయాను. ఆ ఇసకలో, ఒడ్డున ఉన్నవాళ్లంతా చూస్తుండగా, గట్టిగా ఏడ్చాను. ఆమె లేచి వచ్చి, చేపల చెయ్యి నాకు తగలకుండా మోచేత్తో నా తల తన వైపు జరుపుకుంది.

ఆ తర్వాత సెలవుకి వచ్చినప్పుడల్లా వెళ్లాను. ఆమె పెన్షను కాగితాల కోసం టెక్కలి ఆఫీసుకి రెండుసార్లు తోడు వెళ్లాను. ఎదురుచూసే బెంచీ మీద కూర్చుని ఆ నది ఎంత వెడల్పుంటుంది, అక్కడివాళ్లు ఏం వలలు వేస్తారు అని అడిగేది. చెప్పేవాణ్ణి. ఇల్లు మాత్రం పునాది దగ్గరే ఉండిపోయింది. ఎవరి కోసం అనేది. నేను సరిహద్దులో ఉండగా ఆమె పోయింది. నాకు తెలిసేసరికి నెల దాటింది.

ఆ ఇంటికి వెళ్తే బావ అక్క ఉంది. టీ ఇచ్చింది. వాళ్లమ్మ చివరి రోజుల దాకా నన్ను తలుచుకునేదని చెప్పింది. పరాయి దేశంలో తమ్ముడికి చేపలు మోసుకెళ్లి వండి పెట్టిన మనిషినని ఊరంతా చెప్పుకునేదట. ఇసకలో కూర్చుని నేను చెప్పినదేదీ కూతురికి కూడా చెప్పలేదన్నమాట. ఆ క్షణంలో చెప్పేయాలనుకున్నాను. నోరు తెరిచాను. తల్లీకొడుకులిద్దరూ నా కోసం చెప్పిన అబద్ధాన్ని నేను కాదనడం సరైనదో కాదో తేల్చుకోలేకపోయాను. టీ బాగుందని చెప్పి గ్లాసు కింద పెట్టాను.

సర్వీసు పూర్తయి ఇంటికి వచ్చేశాక ఇప్పుడు జీడితోట చూసుకుంటున్నాను. మొన్న వేసవిలో తోట గట్టు దగ్గర మా తమ్ముడికీ నాకూ మాటామాటా వచ్చింది. తప్పు నాది కాదు. గట్టు ఎవరు జరిపారో చూసినవాళ్లున్నారు. వాడు నాతో మాట్లాడడం మానేశాడు. అదే సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. మా ఆవిడ వద్దంది, మరీ లోకువైపోతారంది. అరుగు మీద కూర్చున్నాను. వాడు లోపలి నుంచి బయటికి రాలేదు. మర్నాడు కూడా వెళ్లాను. ఒంట్లో ఎలా ఉందిరా అని గుమ్మంలోంచే అడిగాను. లోపల దగ్గు వినిపించింది. దగ్గుకి మందు వాడుతున్నావా అని అడిగాను.

రెండు నెలలైంది. వాడింకా మాట్లాడడం లేదు. నేను రోజూ వెళ్తున్నాను.